తేలు విషంలోని పెప్టైడ్లు: మందులకు లొంగని బ్యాక్టీరియాపై కొత్త ఆశ, పాత హెచ్చరిక

ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొసన, పులికాట్ సరస్సు పడమటి ఒడ్డున తడ మండలం ఉంది. పూర్వం నెల్లూరు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో చేరింది. ఉప్పునీటి సరస్సు, వరి పొలాలు, చేపల వేట, రొయ్యల సాగు ఒకదానినొకటి ఆనుకొని సాగే నేల ఇది. సరస్సులోని నీరు, పొలాల మురుగు, చెరువుల నుండి వదిలే నీరు ఒకదానితో ఒకటి కలిసే ఇటువంటి చోట ఒక రైతు వాడిన మందు ఆ రైతు గట్టు దాటకుండా ఉండదు. మందులకు లొంగని బ్యాక్టీరియా సమస్యను అర్థం చేసుకోవడానికి అందువలన నెల్లూరు తీరం మంచి ఉదాహరణ.

ఈ సమస్యకు పరిష్కారం వెతికే శాస్త్రవేత్తల దృష్టి గత పాతికేళ్లుగా ఊహించని జీవిపై పడింది. అది తేలు. పొలం గట్టు మీద రాయి కింద, పాత కట్టెల మోపులో, తాటాకు కప్పులో కనిపించగానే చెప్పుకు బలయ్యే ఈ జీవి విషంలో బ్యాక్టీరియాను చంపగల చిన్న ప్రోటీన్ ముక్కలు, అంటే పెప్టైడ్లు ఉన్నాయని తేలింది. అవి ఏమిటి, ఎలా పనిచేస్తాయి, మందులుగా మారడానికి అడ్డంకులేమిటి, రొయ్యల సాగుతో వాటికి గల సంబంధమేమిటి అనే విషయాలను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

సమస్య మూలం

యాంటీబయాటిక్స్ చరిత్రలో తెలుగువారికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేశారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో లోకానికి వెల్లడైన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే సంవత్సరం సుబ్బారావు మరణించారు.

ఆ తరువాత రెండేళ్లకే అదే సంస్థకు చెందిన స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అనే శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపితే అవి వేగంగా పెరుగుతున్నాయని గమనించారు. జబ్బు చేసిన జీవికి ఇవ్వవలసిన మందు ఆ విధంగా ఆరోగ్యంగా ఉన్న జీవి మేతలోకి ప్రవేశించింది. కోళ్లలో మొదలైన ఈ అలవాటు పశువులకు, పందులకు, అక్కడి నుండి చేపలకు, రొయ్యలకు విస్తరించింది.

నెల్లూరు తీరంలో 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్యల సాగు ఉధృతంగా సాగింది. 1994-95లో వైరస్ వ్యాధి విజృంభించి చెరువులు ఖాళీ అయ్యాయి. పెట్టుబడి మునిగిపోతున్న రైతు చేతికందిన ప్రతి మందును వాడి చూడడం సహజం. అయితే తెల్లమచ్చ వ్యాధి వైరస్ వలన కలిగేది. యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు. మందు ఖర్చు వృథా కాగా, చెరువు అడుగు మట్టిలోని బ్యాక్టీరియా మాత్రం ఆ మందుకు అలవాటు పడింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పులికాట్, చిల్కా సరస్సులకు 1,000 మీటర్ల లోపున సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులు మినహా ఇతర రొయ్యల సాగును నిషేధించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుండి వనామి రొయ్య ప్రవేశంతో సాగు మళ్లీ పుంజుకుంది. వ్యాధుల పేర్లు మారాయి గాని, వ్యాధి కనిపించగానే యాంటీబయాటిక్ కోసం దుకాణానికి పరుగెత్తే ధోరణి పూర్తిగా పోలేదు.

ప్రపంచవ్యాప్తంగా 2019లో 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ఆసుపత్రిలో వాడే మందు, పశువుకు వాడే మందు, చెరువులో వాడే మందు చాలా సందర్భాలలో ఒకే కుటుంబానికి చెందినవి కావడమే ఇందులోని ప్రధాన చిక్కు.

తేలు విషంలో ఏముంది?

తేళ్లు 40 కోట్ల సంవత్సరాలకు పైబడిన చరిత్ర గల జీవులు. ప్రపంచంలో 2,500కు పైగా జాతులు ఉన్నాయి. తెలుగు ప్రాంతాలలో సాధారణంగా చెప్పుకునేవి రెండు రకాలు. ఒకటి చిన్నగా, సన్నని పట్టకార్లతో ఉండే ఎర్రతేలు. రెండవది పెద్దగా, నల్లగా, బలమైన పట్టకార్లతో ఉండే మండ్రగబ్బ. చూడడానికి భయం గొలిపేది మండ్రగబ్బ అయినా ప్రాణాపాయం కలిగించేది ఎర్రతేలే. దీని శాస్త్రీయ నామం హాటెన్‌టోటా తములస్.

తేలు విషం ఒకే పదార్థం కాదు. లవణాలు, ఎంజైములు, చిన్న అణువులతోపాటు పదుల నుండి వందల సంఖ్యలో పెప్టైడ్లు గల మిశ్రమం అది. ఈ పెప్టైడ్లను రెండు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం పెప్టైడ్లలో గంధకపు బంధాలు ఉంటాయి. ఇవి గట్టిగా ముడివేసిన ఆకృతిలో ఉండి నరాల, కండరాల కణాలపై ఉండే సోడియం, పొటాషియం మార్గాలను అడ్డుకుంటాయి లేదా తెరిచి ఉంచుతాయి. కుట్టినప్పుడు కలిగే తీవ్రమైన నొప్పి, చెమటలు, గుండెపై భారం వీటి ఫలితమే. ఎర్రతేలు విషం నుండి 1990లో వేరుచేసిన ఐబెరియోటాక్సిన్ ఈ వర్గానికి చెందినది. 37 అమైనో ఆమ్లాలు గల ఈ పెప్టైడ్‌ను కండరాల పనితీరును పరిశీలించే ప్రయోగశాలలు ప్రపంచమంతటా పరిశోధన సాధనంగా వాడుతున్నాయి.

రెండవ వర్గం పెప్టైడ్లలో గంధకపు బంధాలు ఉండవు. ఇవి సాధారణంగా చిన్నవి. నీటిలో వదులుగా, నిర్దిష్ట ఆకృతి లేకుండా ఉండి, కణపు పొరను తాకగానే మెలితిరిగిన తాడు వంటి సర్పిలాకృతిని పొందుతాయి. బ్యాక్టీరియాను చంపే గుణం ఎక్కువగా ఈ వర్గంలోనే కనిపిస్తుంది.

ఎరను చంపడానికి, ఆత్మరక్షణకు పనికివచ్చే విషంలో బ్యాక్టీరియానాశక పెప్టైడ్లు ఎందుకున్నాయన్న ప్రశ్నకు రెండు వివరణలు ఉన్నాయి. తేలు కొండి తరచూ ఎర శరీరంలోకి దిగి బయటికి వస్తుంది కాబట్టి విషగ్రంథికి సూక్ష్మజీవులు సోకకుండా ఇవి కాపాడతాయన్నది మొదటిది. కణాల పొరలను బలహీనపరచి ఇతర విషాలు లోపలికి చొరబడడానికి ఇవి తోడ్పడతాయన్నది రెండవది.

బ్యాక్టీరియా పొరపై దాడి

సాధారణ యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియాలోని ఒక నిర్దిష్ట భాగాన్ని లక్ష్యంగా చేసుకుంటాయి. పెన్సిలిన్ కణకవచ నిర్మాణాన్ని, టెట్రాసైక్లిన్ ప్రోటీన్ తయారీని ఆపుతాయి. ఆ ఒక్క భాగంలో మార్పు వచ్చినా, మందును విరిచే ఎంజైమును బ్యాక్టీరియా సంపాదించినా మందు పనిచేయదు.

తేలు పెప్టైడ్ల పద్ధతి వేరు. వీటిలో లైసిన్, ఆర్జినిన్ వంటి అమైనో ఆమ్లాల వలన ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా కణపు వెలుపలి భాగంలో ఋణావేశం గల కొవ్వులు అధికం. రెండింటి మధ్య విద్యుదాకర్షణ వలన పెప్టైడ్ పొరకు అంటుకుంటుంది. సర్పిలానికి ఒక పక్క నీటిని ఇష్టపడే భాగం, మరొక పక్క కొవ్వును ఇష్టపడే భాగం ఉంటాయి. కొవ్వును ఇష్టపడే భాగం పొరలోకి దిగబడుతుంది. తగినన్ని పెప్టైడ్లు చేరిన తరువాత పొరకు రంధ్రాలు పడతాయి లేదా పొర ముక్కలవుతుంది. కణంలోని పదార్థం బయటికి కారి బ్యాక్టీరియా నిమిషాలలో చనిపోతుంది.

మనిషి, పశువుల కణాల వెలుపలి పొరలో ఋణావేశం చాలా తక్కువ. కొలెస్టరాల్ వలన ఆ పొర గట్టిగానూ ఉంటుంది. పెప్టైడ్లు శత్రువును, సొంత కణాన్ని కొంతవరకు వేరుచేసి గుర్తించడానికి ఈ తేడాయే ఆధారం. అయితే ఈ తేడా సంపూర్ణం కాదు.

ఇప్పటివరకు వెలుగుచూసినవి

తేలు విషం నుండి బ్యాక్టీరియానాశక పెప్టైడ్‌ను వేరుచేసిన తొలి నివేదికలు 2000 ప్రాంతంలో వచ్చాయి. మెక్సికోకు చెందిన హాడ్రూరస్ ఆజ్టెకస్ అనే తేలు నుండి 41 అమైనో ఆమ్లాల హాడ్రూరిన్, ఆఫ్రికాకు చెందిన చక్రవర్తి తేలు నుండి స్కార్పిన్ లభించాయి. స్కార్పిన్ బ్యాక్టీరియాతోపాటు మలేరియా పరాన్నజీవి ఎదుగుదలనూ అడ్డుకుంది. తరువాతి సంవత్సరమే చక్రవర్తి తేలు నుండి పాండినిన్ 1, 2 అనే మరో రెండు పెప్టైడ్లు వెలువడ్డాయి.

ఉష్ణమండల తీరప్రాంతాలలో ఓడల సరుకులతోపాటు దేశదేశాలకు వ్యాపించిన ఐసోమెట్రస్ మాక్యులేటస్ అనే తేలు నుండి 2009లో చైనా శాస్త్రవేత్తలు ఇంక్రోపొరిన్ అనే 17 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను గుర్తించారు. ఇది మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియాపై ప్రభావం చూపింది. బ్యాక్టీరియా సోకిన ఎలుకలను కాపాడింది.

మండ్రగబ్బ వర్గానికే చెందిన హెటెరోమెట్రస్ పీటర్సై అనే ఆసియా తేలు నుండి 2014లో హెచ్‌పీ1404 అనే పెప్టైడ్ బయటపడింది. దీనిలో 14 అమైనో ఆమ్లాలే ఉన్నాయి. మెథిసిలిన్‌కు లొంగని బ్యాక్టీరియా సోకిన ఎలుకలు ఈ పెప్టైడ్ ఇచ్చినప్పుడు ఎక్కువగా బతికాయి. చంపడానికి చాలని తక్కువ మోతాదులో పదేపదే తగిలించినా స్టాఫిలోకాకస్ ఆరియస్ దీనికి నిరోధకత పెంచుకోలేదని ఆ పరిశోధన తెలిపింది.

తేలు విషంలో పెప్టైడ్లు కాని చిన్న అణువులకూ ఈ గుణం ఉంది. మెక్సికోకు చెందిన డిప్లోసెంట్రస్ మెలిసై అనే తేలు నుండి తీసిన రంగులేని విషం గాలి తగలగానే రంగు మారడం శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది. అందులోని ఎరుపు, నీలం రంగుల రెండు బెంజోక్వినోన్ పదార్థాలను 2019లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఎరుపు పదార్థం స్టాఫిలోకాకస్‌పై, నీలం పదార్థం పలు మందులకు లొంగని క్షయ బ్యాక్టీరియాపై పనిచేశాయి.

మందుగా మారడానికి అవరోధాలు

ఒక తేలు నుండి ఒకసారి లభించే విషం కంటికి కనిపించీ కనిపించనంత స్వల్పం. అయినా నేడు ఇది పెద్ద ఆటంకం కాదు. విషగ్రంథిలోని జన్యు సందేశాలను చదివి పెప్టైడ్ క్రమాన్ని తెలుసుకొని, దానిని ప్రయోగశాలలో రసాయన పద్ధతిలో కూర్చవచ్చు. వేలాది తేళ్లను పట్టి చంపవలసిన అవసరం లేదు. అసలు అవరోధాలు నాలుగు.

మొదటిది రక్తకణాల విచ్ఛిత్తి. పాండినిన్ 2 వంటి పెప్టైడ్లు బ్యాక్టీరియాతోపాటు ఎర్ర రక్తకణాలనూ పగలగొడతాయి. క్రమంలోని ఒకటి రెండు అమైనో ఆమ్లాలను మార్చి ఈ దోషాన్ని తగ్గించే ప్రయత్నాలు విస్తృతంగా జరుగుతున్నాయి.

రెండవది స్థిరత్వం. జీర్ణరసాలలోని ట్రిప్సిన్ ఎంజైము పెప్టైడ్‌ను సరిగ్గా లైసిన్, ఆర్జినిన్ ఉన్నచోట తెంచుతుంది. పెప్టైడ్‌కు బలాన్నిచ్చే స్థానాలే దాని బలహీన స్థానాలు కూడా. నోటి ద్వారా ఇచ్చే మందుగా వీటిని తయారుచేయడం కష్టం కావడానికి కారణమిదే.

మూడవది ఖర్చు. మట్టి సూక్ష్మజీవులను పులియబెట్టి టన్నుల లెక్కన తీసే పాత యాంటీబయాటిక్స్‌తో పోలిస్తే పెప్టైడ్‌ను ఒక్కొక్క అమైనో ఆమ్లం చొప్పున కూర్చడం ఖరీదైన పని.

నాలుగవది నియంత్రణ సంస్థల ఆమోదం. కప్ప చర్మంలో 1987లో కనుగొన్న మాగైనిన్ ఆధారంగా తయారైన పెక్సిగానన్ అనే మందు మధుమేహ రోగుల పాదాల పుండ్లపై పరీక్షలు దాటినా, 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందలేకపోయింది. అప్పటికే ఉన్న మందు కంటే మెరుగని రుజువు కాకపోవడం ఇందుకు కారణం. తేలు పెప్టైడ్లు దాటవలసిన దారి ఇంతకంటే సులభం కాదు.

రొయ్యల చెరువులో పనికివస్తాయా?

తీరప్రాంత విద్యార్థికి సహజంగా కలిగే ప్రశ్న ఇది. సమాధానం చెప్పే ముందు మూడు అంశాలను గమనించాలి.

మొదటిది ఉప్పు. పెప్టైడ్‌కు, బ్యాక్టీరియా పొరకు మధ్య ఉండే ఆకర్షణ విద్యుదావేశం మీద ఆధారపడినది. నీటిలో సోడియం, మెగ్నీషియం అయాన్లు పెరిగేకొద్దీ ఈ ఆకర్షణ తగ్గుతుంది. మనిషి శరీర ద్రవాలలో ఉప్పు లీటరుకు సుమారు 9 గ్రాములు కాగా, సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాములు. పులికాట్‌లో ఉప్పదనం ఈశాన్య రుతుపవనాల వానలకు తగ్గి, ఎండాకాలంలో బాగా పెరుగుతుంది. ప్రయోగశాల పాత్రలో పనిచేసిన పెప్టైడ్ చెరువు నీటిలో పనిచేయకపోవచ్చు.

రెండవది పరిమాణం. ఎకరం చెరువులో ఒక మీటరు లోతున సుమారు 40 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. ఖరీదైన పెప్టైడ్‌ను అంత నీటిలో కలపడం ఆర్థికంగా సాధ్యం కాదు. మేతలో కలిపితే రొయ్య జీర్ణరసాలు దానిని తెంచివేస్తాయి.

మూడవది రొయ్య సొంత రక్షణ. రొయ్యకు మనిషివలె ప్రతిరక్షకాలు తయారుకావు. దాని రక్తకణాలలో బ్యాక్టీరియానాశక పెప్టైడ్లే ప్రధాన ఆయుధాలలో ఒకటి. పీనాయిడిన్లు అనే ఈ పెప్టైడ్లను 1997లో వనామి రొయ్యలోనే కనుగొన్నారు. తేలుకు సముద్రంలోని దూరపు బంధువైన గుర్రపుడెక్క పీతలో 1988లో కనుగొన్న టాకీప్లెసిన్ అనే పెప్టైడ్ ఉప్పునీటిలో జీవించే జంతువు తయారుచేసుకున్నది. అనగా ఉప్పును తట్టుకునే పెప్టైడ్‌ను ప్రకృతి ఇప్పటికే రూపొందించింది. రైతు దృష్టిలో దీని అర్థం సులువైనది. రొయ్య తన ఆయుధాలను తయారుచేసుకోవాలంటే దానికి సరైన ప్రాణవాయువు, సమతుల మేత, శుభ్రమైన చెరువు అడుగు కావాలి. రొయ్యలను కిక్కిరిసి పెంచినప్పుడు, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ రక్షణ కుంటుపడుతుంది.

కొలిస్టిన్ నేర్పిన పాఠం

తేలు పెప్టైడ్లు బ్యాక్టీరియా పొరపై దాడి చేస్తాయి కనుక వాటికి నిరోధకత రాదన్న ప్రచారం కొన్నిచోట్ల వినిపిస్తుంది. ఇది నిజం కాదు. కొలిస్టిన్ కూడా ధనావేశం గల పెప్టైడ్ మందే. అది కూడా బ్యాక్టీరియా పొరనే ఛేదిస్తుంది. ఇతర మందులన్నీ విఫలమైనప్పుడు ఆసుపత్రులలో చివరి ఆసరాగా వాడే ఈ మందును అనేక దేశాలలో పశువులకు, కోళ్లకు మేతలో కలిపి ఇచ్చారు. 2015లో చైనాలో పందుల నుండి సేకరించిన బ్యాక్టీరియాలో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది. ఇది బ్యాక్టీరియా వెలుపలి పొరలోని ఋణావేశాన్ని తగ్గించి కొలిస్టిన్ అంటుకోకుండా చేస్తుంది. ఒక బ్యాక్టీరియా నుండి మరొక దానికి సులభంగా బదిలీ అయ్యే ప్లాస్మిడ్‌పై ఈ జన్యువు ఉండడం అందరినీ కలవరపరచింది. స్టాఫిలోకాకస్ కూడా తన పొరలోని కొవ్వుకు లైసిన్‌ను జతచేసి ఇటువంటి పెప్టైడ్లను వికర్షించగలదు.

భారత ప్రభుత్వం 2019 జూలైలో ఆహారం కోసం పెంచే పశువులు, కోళ్లు, ఆక్వా సాగు, మేత అనుబంధాలలో కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. ఆరియోమైసిన్ విషయంలో 1950లో జరిగినదే కొలిస్టిన్ విషయంలోనూ జరిగింది. రేపు తేలు పెప్టైడ్ ఒకటి మందుగా ఆమోదం పొంది, మరుసటి సంవత్సరమే మేత సంచులలోకి చేరితే అదే కథ మూడవసారి పునరావృతమవుతుంది. కొత్త మందును కనుగొనడం ప్రయోగశాల పని. దానిని కాపాడుకోవడం పొలంలో, చెరువు గట్టు మీద జరగవలసిన పని.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు చెప్పవలసినవి

తెల్లమచ్చ వ్యాధి వైరస్ వలన, ఈహెచ్‌పీ వ్యాధి శిలీంధ్ర సంబంధమైన సూక్ష్మజీవి వలన కలుగుతాయి. ఈ రెండింటికీ యాంటీబయాటిక్ వాడడం డబ్బును నీటిలో పోయడమే. వ్యాధి నిర్ధారణకు ముందు ఏ మందూ వాడరాదు.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకం రొయ్యల సాగులో నిషిద్ధం. ఐరోపా సమాఖ్య 2022 నవంబరు నుండి దిగుమతి ఆహారంలో వీటి గుర్తింపు పరిమితిని కిలోకు వరుసగా 0.15, 0.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. నైట్రోఫ్యూరాన్ అవశేషాలు రొయ్య కండరంలో బంధితమై ఎక్కువ కాలం నిలుస్తాయి కనుక పట్టుబడికి కొద్ది రోజుల ముందు మందు ఆపితే సరిపోతుందన్న నమ్మకం ప్రమాదకరం. భారతదేశం నుండి వచ్చే సాగు రొయ్యలలో సగం సరుకును పరీక్షించాలని ఐరోపా 2016లో నిర్ణయించింది. ఒక రైతు పొరపాటు ఆ ప్రాంతమంతటి సరుకుపై పడుతుంది.

పేరు, మిశ్రమం ముద్రించని 'గట్ టానిక్'లు, 'వైరస్ నివారిణులు' కొనరాదు. రేపు 'తేలు పెప్టైడ్' పేరుతో సీసాలు దుకాణాలలోకి వచ్చినా ఆశ్చర్యం లేదు. నేటికి అటువంటి పెప్టైడ్ ఏదీ ఆక్వా మందుగా ఆమోదం పొందలేదని రైతులకు స్పష్టంగా తెలియజేయాలి.

పరీక్షించిన పిల్లలను వదలడం, చెరువును ఆరబెట్టి సున్నం వేయడం, చెక్ ట్రేలు చూసి మేత తగ్గించడం, వ్యాధి సోకిన చెరువు నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకపోవడం అనే నాలుగు పద్ధతులు పాటించిన చోట మందు అవసరమే తగ్గుతుంది.

తేలు కుట్టినప్పుడు చేయవలసినది కూడా విస్తరణ సమావేశాలలో చెప్పాలి. ఎర్రతేలు కుట్టి చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే మంత్రం, ఆకుపసరు కోసం కాలం వృథా చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే చవకైన మాత్రతో ఎర్రతేలు కాటు మరణాలను గణనీయంగా తగ్గించవచ్చని నిరూపించారు. పిల్లల విషయంలో ఆలస్యం ప్రాణాంతకం.

విద్యార్థులకు పరిశోధనావకాశాలు

తేలు చర్మం అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది. చీకటి రాత్రి అటువంటి దీపంతో పొలం గట్లపై తిరిగితే తేళ్ల జాతులను, సంఖ్యను నమోదు చేయవచ్చు. తడ ప్రాంతపు ఇసుక నేలలు, సరస్సు ఒడ్డు, పడమటి కొండల పాదాలు మూడు భిన్నమైన ఆవాసాలు. పురుగులను తిని జీవించే తేలు పంటకు హాని చేయదు గనుక ఈ జాబితా సస్యరక్షణకూ ఉపయోగపడుతుంది. నమూనాల సేకరణకు 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం అవసరమైన అనుమతులు తీసుకోవాలి.

చెరువుల నుండి విబ్రియో బ్యాక్టీరియాను వేరుచేసి, ఏ మందులకు లొంగుతున్నదో ఋతువుల వారీగా నమోదు చేయడం మరొక ముఖ్యమైన అంశం. క్రమం ప్రచురితమైన పెప్టైడ్లను కృత్రిమంగా తయారుచేయించి, 5 నుండి 35 వరకు వేర్వేరు ఉప్పదనాలలో వాటి పనితీరును ఈ విబ్రియోలపై పరీక్షించవచ్చు. ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాల వంటి సంస్థలు, పశువైద్య, జీవసాంకేతిక విభాగాలు కలిసి చేయదగిన పని ఇది. ఫలితం ప్రతికూలంగా వచ్చినా అది ప్రచురించదగినదే. ఉప్పునీటిలో పనిచేయని పెప్టైడ్ ఏదో తెలిస్తే, దాని పేరుతో రైతుకు అమ్మే సీసాను ఆపడానికి ఆధారం లభిస్తుంది.

ముగింపు

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసంలో భక్తులు కొండపై రాళ్ల కింద తేళ్లను పట్టి కొండలరాయుడికి సమర్పించే ఆచారం ఉంది. తేలును చూసి భయపడే సమాజమే దానిని చేతిలోకి తీసుకొని గౌరవించడం తెలుగునేలకు కొత్త కాదు. విజ్ఞానశాస్త్రం ఇప్పుడు ఆ విషపు చుక్కను మరొక దృష్టితో పరిశీలిస్తున్నది. 14 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు ఎలుకను కాపాడింది. మనిషిని కాపాడే మందు కావడానికి ఇంకా చాలా దూరం ఉంది. ఆ మందు వచ్చేవరకు ఇప్పుడున్న మందుల శక్తిని నిలబెట్టుకోవాలి. వచ్చిన తరువాత దానిని మేత సంచికి దూరంగా ఉంచాలి. ఈ రెండు బాధ్యతలలోనూ రైతుకు, ప్రయోగశాలకు మధ్య నిలిచే విస్తరణ శాస్త్రవేత్త పాత్ర కీలకమైనది.